పట్టు స్క్రూ ఎవరో తిప్పుతున్నారు

మార్చి 3, సోమవారం

కోడలు పిస్తోలు పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పదకొండేళ్ళ తరవాత నా బల్ల మీదికి ఒక పిస్తోలు వచ్చింది. సంతోషించాల్సింది. ముందు అనుమానం వచ్చింది.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు మావయ్యా. ట్రిగ్గర్ నొక్కుతుంటే రెండో మెట్టు దగ్గర ఇసుకలో కాలు ఈడ్చినట్టు నడుస్తోంది. ఇరవై మూడున షూటింగ్ జట్టు సెలక్షన్లు. మీరు చూస్తారేమోనని."

"క్లబ్బులో మెకానిక్ ఉన్నాడుగా?"

"ఉన్నాడు. మీరూ ఉన్నారు."

మాట బాగుంది. బాగున్న మాటల్ని నేను ఊరికే నమ్మను.

మ్యాగజీన్ తీశాను. బోల్టు వెనక్కి లాగి చాంబర్‌లోకి రెండుసార్లు చూసి, చిటికెన వేలు పెట్టి తడిమాను. తూటాల డబ్బా గదిలో ఉండకూడదు. కోడలు చెప్పకుండానే దాన్ని తీసుకెళ్ళి బయట పెట్టి వచ్చింది. మావాడికి పదేళ్ళు చెప్పినా ఈ సంగతి బుర్రకెక్కలేదు. వాడు మేకు కొడితే గోడ పడుతుంది.

జబ్బేమిటో వేలు పెట్టగానే తెలిసింది. తూటాను పేల్చే లోపలి సుత్తిని ఆపి ఉంచే కొక్కెం మరీ లోతుగా పట్టుకుంటోంది. ఆ లోతును మార్చేది పట్టు స్క్రూ. ఎనిమిదో వంతు వదులు చేశాను. ఇంకో ఎనిమిదో వంతు. ఇంకోటి. ట్రిగ్గర్‌కు వెయ్యి గ్రాముల బరువు తగిలించి పిస్తోలు నిలువుగా ఎత్తాను. బరువు లేచింది, సుత్తి పడలేదు. నిబంధన అంతే. స్క్రూ తల మీద ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టాను. ఎవరు తిప్పినా చుక్క పగులుతుంది.

ఆ సీసా చూసి మా ఆవిడ, "ఈ వయసులో నాకోసం కొన్నారనుకుని మురిసిపోయాను" అంది.

మార్చి 5, బుధవారం

ట్రిగ్గర్ ఎలా ఉందని అడిగాను. "గాజు పుల్ల విరిగినట్టుంది మావయ్యా" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది. నా మొహం చూడకుండా చెప్పింది. పనిలో ఉంది కాబోలు.

మార్చి 8, శనివారం

వారం వారం తుడవడానికి పిస్తోలు నా దగ్గరే పెడతానంది. మంచిదన్నాను. భూతద్దం పెట్టి చూశాను.

చుక్క పగిలి ఉంది. స్క్రూ రెండు ఎనిమిదో వంతులు బిగించి ఉంది.

కోడలికి చెప్పలేదు. మళ్ళీ నా కొలతకు తెచ్చి, ఈసారి చుక్క కింద సూదితో గీత గీశాను. ఆ గీత సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వారంలో ఐదు రోజులు ఈ పిస్తోలు ఉండేది క్లబ్బు లాకర్లో. ఆ గోడకి ఇవతల వర్క్‌షాప్. ఆ వర్క్‌షాప్‌లో ఉండేవాడు స్ప్రింగు. ఇంక చెప్పడానికేముంది?

మార్చి 9, ఆదివారం

స్ప్రింగు నా శిష్యుడు. పేరు నేనే పెట్టాను. కూర్చోమంటే లేచేవాడు, లేవమంటే ఎగిరేవాడు. తొమ్మిదేళ్ళు నా పక్కన స్టూలు మీద కూర్చుని పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నాడు.

లేనిది కల్పించుకుంటున్నానేమోనని ఈ పొద్దున ఆలోచించాను. చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. రాజులందరూ వంటవాళ్ళనే అనుమానించారు, చంపినవాళ్ళు తమ్ముళ్ళు. అనుమానించడం తప్పు కాదు, గురి తప్పడమే తప్పు. నా గురి తప్పదు.

పదకొండేళ్ళ కిందటి సంగతి మళ్ళీ రాస్తున్నాను. ఇదివరకు చాలాసార్లు రాశాను. రాసిన కొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఎడమచేతి పళ్ళ డాక్టరు ఒకడుండేవాడు క్లబ్బులో. మంచి షూటర్, గర్విష్ఠి. మ్యాచికి రెండ్రోజుల ముందు అతని పిస్తోలు ట్రిగ్గర్ నేను సరిచేశాను. మ్యాచి మధ్యలో ఆగమన్నారు. అతను తూటా ఉన్న పిస్తోలును బల్ల మీద ఠపీమని పెట్టాడు. పేలింది. తూటా బల్ల అంచున ఉన్న ఇనప పట్టీకి తగిలి వెనక్కి వచ్చి, పక్కన నిలబడ్డ రేంజి అధికారి ఎడమ పాదంలో రెండు వేళ్ళు పట్టుకుపోయింది. ఆయన బడిపంతులు, అందరూ మేష్టారంటారు.

కమిటీ కూర్చుంది. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బరువు పరీక్ష చేశాను. రబ్బరు సుత్తితో ముప్పై సార్లు తట్టి చూశాను. నా ట్రిగ్గర్ తనంతట తాను పడదు. డాక్టరు వేలు తీయకుండా పిస్తోలు కింద పెట్టాడు. వేలు పెట్టలేదని అతను ఒట్టేశాడు. ఎవడైనా వేస్తాడు.

తరవాత స్ప్రింగును అడిగారు, మీ గురువుగారు తట్టి చూశారా అని. వాడు ఏమన్నాడు?

"నేను చూడలేదు."

ముప్పై రెండు మంది ముందు. నేను చూడలేదు! చూడకపోతే జరగలేదనా? సూర్యుడు ఉదయించడం వాడు ఏనాడు చూశాడు గనక?

నా తాళాలు తీసుకున్నారు. డాక్టర్ను ఏడాది పాటు రావద్దన్నారు. అతను మళ్ళీ ఎప్పుడూ రాలేదు. తప్పు చేసినవాడు ఎందుకొస్తాడు?

మార్చి 11, మంగళవారం

పిస్తోలు ఒక్కసారి ఇంటికి తెమ్మన్నాను. తెచ్చింది. గీత పక్కకి జరిగి ఉంది. మళ్ళీ తిప్పారు.

మార్చి 12, బుధవారం

ఈసారి నాలుగు ఎనిమిదో వంతులు వదులు చేశాను. వాడు రెండు బిగిస్తే నాకు రెండు మిగులుతాయి. బరువు పరీక్షలో వెయ్యి గ్రాములూ లేచింది. వేలితో నొక్కితే వెన్నలా ఉంది.

కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "చాలేమో మావయ్యా" అంది. షూటర్లకు ఎప్పుడూ భయమే.

మార్చి 14, శుక్రవారం

క్లబ్బుకు వెళ్ళాను. పదకొండేళ్ళ తరవాత. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలని అడిగాడు. ఇరవై ఆరేళ్ళు పనిచేసిన చోట.

వర్క్‌షాప్ తలుపు తీసే ఉంది. స్ప్రింగు లేచి నిలబడ్డాడు. బట్టతల వచ్చింది. నాకు కొంత ఊరట కలిగింది.

"రండి గురువుగారూ, కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదురా. నా కుర్చీ ఎలా ఉందో చూద్దామని వచ్చాను."

"కాలు విరిగింది. అతికించాను. చూసి కూర్చోండి."

నవ్వాడు. ఎందుకు నవ్వాడు?

గుమ్మం పక్కన మేకుకి రబ్బరు సుత్తి వేలాడుతోంది. దాని కింద అట్టముక్క మీద ముప్పై అని రాసి ఉంది. నేను చూస్తూ ఉండగానే ఎవరిదో పిస్తోలు ఖాళీ చేసి చూసుకుని, లోపలి సుత్తి ఎక్కుపెట్టి, రబ్బరు సుత్తితో వెనకా పక్కలా పైనా తట్టడం మొదలెట్టాడు. మనసులో లెక్కపెడుతూ పెదాలు కదుపుతున్నాడు.

"తబలా నేర్చుకుంటున్నావా?"

"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... ఒక్క నిమిషం గురువుగారూ. ముప్పై. బరువు పరీక్ష అయ్యాక ఇది చెయ్యకుండా ఏదీ గుమ్మం దాటనివ్వను. బరువు చూపించేది ట్రిగ్గర్ లోపలి తీగచుట్ట సంగతి. కొక్కెం ఎంత పట్టుకుందో బరువు చెప్పదు కదా?"

నాకు పాఠం! నా స్టూలు మీద కూర్చున్నవాడు!

"మా కోడలి పిస్తోలు ఎందుకు ముట్టుకుంటున్నావు?" అన్నాను సూటిగా.

వాడు సుత్తి కింద పెట్టాడు. "మీ కోడలుగారి పిస్తోలు ఈ బల్ల మీదకి రాక నాలుగు నెలలైంది. లాకర్ తాళం ఆవిడ మెళ్ళోనే ఉంటుంది. నేను ముట్టుకోలేదు."

"నువ్వు చూడలేదు, ముట్టుకోలేదు. నీకు చేతులూ కళ్ళూ ఉన్నాయా అసలు?"

వాడి మొహం ఎర్రబడింది. రబ్బరు సుత్తి తీసి మళ్ళీ మేకుకి తగిలించాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

బయట మేష్టారు ఎదురయ్యాడు. ఇంకా కుంటుతున్నాడు. "బాగున్నారా?" అన్నాడు. రెండు వేళ్ళు పోయినవాడు నన్ను బాగున్నారా అని ఎందుకడగాలి? ఆయనా ఇందులో ఉన్నాడేమో.

మార్చి 15, శనివారం

పిస్తోలు ఇంటికొచ్చింది. నాలుగూ బిగించి ఉన్నాయి.

నాలుగు! నేనెంత తిప్పితే అంత. నా కొలత తెలిసినవాడి పని ఇది.

మళ్ళీ వదులు చేశాను. పెట్టెకి తాళం వేశాను. పెట్టె నా గదిలోనే ఉంది.

మార్చి 16, ఆదివారం

ఉదయం మా ఆవిడ, "కాస్త నడిచి రండి. మోకాళ్ళు బిగుసుకుపోతాయి" అంది. నా మోకాళ్ళ గురించి ఆవిడ ఆలోచించడం నలభై ఆరేళ్ళలో ఇదే మొదలు. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. చెప్పులు చేతిలో పట్టుకుని వరండా వైపు నుంచి నా గది కిటికీ దగ్గరకు వెళ్ళాను.

కోడలు నా కుర్చీలో కూర్చుని ఉంది. నా భూతద్దం, నా స్క్రూడ్రైవర్. పెట్టె తాళానికి తన దగ్గరున్న రెండో తాళంచెవి. పక్కన మా ఆవిడ గోళ్ళరంగు సీసా మూత తీసి పట్టుకుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పట్టి ఏం లాభం?

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను కిటికీలోంచి.

మా ఆవిడ సీసా వదిలేసింది. కోడలు మాత్రం ముందు స్క్రూడ్రైవర్ కింద పెట్టి, బోల్టు వెనక్కి లాగి ఉంచి, అప్పుడు లేచింది.

"మొదటి రోజు నుంచీ నేనే మావయ్యా."

"ఎందుకు?"

"నాలుగో తారీకున రేంజిలో, తూటా పెట్టకముందు, బోల్టు లాగి వదిలాను. సుత్తి దానంతటదే పడింది. నా వేలు బయటే ఉంది. మళ్ళీ లాగాను. రెండుసార్లు ఆగింది, మూడోసారి పడింది. అక్కడే స్క్రూ బిగించుకున్నాను."

"అబద్ధం. వెయ్యి గ్రాములు లేచింది."

"లేస్తుంది మావయ్యా. లేవదని నేననలేదు."

"గాజు పుల్ల విరిగినట్టుందన్నావు."

"అన్నాను."

"నాతో ఒక్క మాట చెప్పచ్చుగా?"

కోడలు మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నేల మీద రంగు తుడుస్తూ తలెత్తకుండా అంది: "మీకు చెప్పడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం. గోడ మన మీద ఎదురు కేసు పెట్టదు."

"నువ్వూరుకో."

"పదకొండేళ్ళు ఊరుకున్నాను. పొద్దున లేస్తే ఆ డాక్టరు వేలూ, ఆ స్ప్రింగు నోరూ. అమ్మాయి ఈ మాట క్లబ్బులో అంటే మళ్ళీ మీ పేరే వస్తుందని, ఇంట్లో అంటే మీరు తిండి మానేస్తారని, రెండు చోట్లా నోరు కట్టుకుని దొంగలా తిప్పుకుంటోంది. దానికి సెలక్షన్లు వారంలో ఉన్నాయి. అది సాధన చేసుకోవాలా, మీ స్క్రూలు బిగించుకోవాలా?"

మార్చి 17, సోమవారం

కోడలు వాళ్ళ పక్షం. స్ప్రింగు నేర్పించాడు ఆ మాటలన్నీ. సుత్తి దానంతటదే పడిందట. ఎవరు చూశారు?

మధ్యాహ్నం. పైన రాసిన మాట మళ్ళీ చదివాను. ఎవరు చూశారు, అని రాశాను. స్ప్రింగు చూడలేదన్నందుకు నేను రాసింది వేరు: చూడకపోతే జరగలేదనా, అని.

మార్చి 18, మంగళవారం

కోడల్ని అడిగి పిస్తోలు తీసుకున్నాను. "మీ దగ్గరే ఉంచండి" అంది, తాళం ఇచ్చింది.

మ్యాగజీన్ లేదు. చాంబర్ ఖాళీ. రెండుసార్లు చూసి వేలు పెట్టాను. పన్నెండో తారీకున తిప్పినట్టే నాలుగు ఎనిమిదో వంతులు వదులు చేశాను. బరువు పరీక్ష. లేచింది.

తరవాత రబ్బరు సుత్తి కోసం పనిముట్ల పెట్టె తెరిచాను.

లేదు. పై అర, కింది అర, మంచం కింద డబ్బా. ఎవరు తీశారని మా ఆవిడ మీద అరిచాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "రబ్బరు సుత్తా? మీకెప్పుడుందీ?" అంది.

ఎప్పుడుంది? క్లబ్బులో ఉండేదేమో. క్లబ్బు సామాను జాబితా నేనే రాసేవాణ్ణి, ఏటా, నా దస్తూరితో. ఆకురాయి, పట్టకారు, మూడు సైజుల డ్రైవర్లు, బరువుల పెట్టె. ఆ జాబితా నాకు కంఠతా వచ్చు. సాయంత్రం దాకా చదువుకున్నాను.

అందులో రబ్బరు సుత్తి లేదు.

చెప్పు తీసుకుని రబ్బరు మడమతో తట్టాను. ఒకటి. రెండు. ఏడోసారికి టిక్కుమని లోపలి సుత్తి పడింది. వేలు బయటే ఉంది. నేనే చూశాను.

మార్చి 19, బుధవారం

తట్టలేదు.

మార్చి 20, గురువారం

తట్టలేదు. అప్పుడు మ్యాచికి రెండు రోజులే మిగిలాయి, ఇంకా ఎనిమిది పిస్తోళ్ళున్నాయి. స్ప్రింగు అడిగాడు కూడా, తట్టి చూద్దామా అని. ట్రిగ్గర్ తలుపు కాదురా తట్టడానికి, అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. కమిటీలో వాడు ఆ మాట చెప్పొచ్చు. చెప్పలేదు. నేను చూడలేదు అని మాత్రం అన్నాడు. నన్ను ఎంత కాపాడొచ్చో అంతా కాపాడాడు. దాన్ని పదకొండేళ్ళు ద్రోహం అని రాసుకున్నాను, నా దస్తూరితో.

సాయంత్రం కోడల్ని పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. స్క్రూ నేను తిప్పాను. ఆమె తట్టింది. రబ్బరు సుత్తి తనే కొనుక్కొచ్చింది. బోల్టు గట్టిగా పది సార్లు లాగి వదిలింది. సుత్తి ఆగింది. ఇంకో ఎనిమిదో వంతు బిగించమంది, బిగించాను. మళ్ళీ ముప్పై. మళ్ళీ పది. మళ్ళీ బరువు. రెండో మెట్టు దగ్గర కొంచెం ఈడుపు మిగిలింది.

"ఇంతకన్నా తగ్గదు. తగ్గించకూడదు" అన్నాను.

"దీంతోనే కొడతాను మావయ్యా."

మార్చి 22, శనివారం

పళ్ళ డాక్టరు క్లినిక్ కూరగాయల మార్కెట్ పక్క సందులో, మేడ మీద. నా ముందు ఏడుగురు వరసలో ఉన్నారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి, "ఏ పన్ను తాతగారూ?" అంది.

"పన్ను కాదు."

"పన్ను కాకపోతే కింద కళ్ళజోళ్ళ షాపుంది."

వెళ్ళిపోదామనిపించింది. "కింది దవడ, కుడివైపు" అన్నాను. పదకొండేళ్ళ అబద్ధం ఒప్పుకోడానికి వచ్చి వాకిట్లో ఇంకోటి చెప్పాను.

డాక్టరు నన్ను గుర్తుపట్టాడు. మాస్కు మీద కళ్ళు ఒక్కసారి ఆగాయి. "నోరు తెరవండి" అన్నాడు. తెరిచాను. ఎడమ చేత్తో చిన్న అద్దం పెట్టి ఒక్కొక్క పన్నూ చూశాడు. ఎక్కడా తొందరపడలేదు. నా నోరు తెరిచి ఉన్నంతసేపూ నేను మాట్లాడక్కర్లేదు. ఇంకాసేపు చూస్తే బాగుండుననిపించింది.

"ఇక్కడ నొప్పి ఉండే అవకాశం లేదే" అన్నాడు.

"లేదు."

"మరి?"

"తట్టి చూడలేదు డాక్టరుగారూ. మీ పిస్తోలు. ముప్పై సార్లు తట్టానని కమిటీలో చెప్పాను. ఒక్కసారి కూడా తట్టలేదు. కొక్కెం అంచున నిలబెట్టి మీ చేతికిచ్చాను. మీ వేలు కాదు."

అతను అద్దం పళ్ళెంలో పెట్టాడు. గ్లవ్స్ తీశాడు. ఎడమ చూపుడువేలు ముందుకు చాపి, తనది కానట్టు చూశాడు.

"మా ఆవిడ ఆ రోజు అడిగింది, వేలు పెట్టావా అని. లేదన్నాను. మూడేళ్ళ తరవాత మళ్ళీ అడిగింది. పెట్టానేమో అన్నాను. ఆ తరవాత ఆవిడ అడగలేదు. ఇప్పటికీ ఎవరి నోట్లోనైనా చెయ్యి పెట్టేముందు ఈ వేలు ఎక్కడుందో చూసుకుంటాను. మీరు నన్ను అనుమానించారు. నేను దీన్ని అనుమానించాను. ఇది రోజూ నా దగ్గరే ఉంటుందండీ."

నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

"ఈ మాట ఇంకెవరికి చెప్పారు?"

"ముందు మీకు."

"మేష్టారికి?"

"రేపు."

"బయట ఇంకా నలుగురున్నారు. వాళ్ళని చూడాలి నేను. మీరు కూర్చోండి. అయ్యాక కాగితం ఇస్తాను, రాసివ్వండి. మా ఆవిడకి చూపించాలి."

కూర్చున్నాను. కౌంటర్ అమ్మాయి, మీదయిపోయిందిగా తాతగారూ అంది. అవలేదమ్మా అన్నాను. రెండు కాగితాలు రాశాను, ఒకటి అతనికి, ఒకటి కమిటీకి. అతను రెండుసార్లు చదువుకున్నాడు. నన్ను మెట్ల దాకా సాగనంపలేదు.

మార్చి 23, ఆదివారం

మ్యాచికి ముందు తనిఖీ బల్ల దగ్గర మేష్టారు ఉన్నాడు. కోడలి పిస్తోలుకు బరువు తగిలించి ఎత్తాడు, సరే అన్నాడు. స్ప్రింగు పక్కనే ఉన్నాడు. కాగితం మేష్టారి చేతికిచ్చాను. ఆయన నిలబడే చదివాడు. మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు.

"మ్యాచి అయ్యాక మాట్లాడతాను" అన్నాడు. "ఇప్పుడు జరగండి, వెనక వాళ్ళున్నారు."

కోడలు ఆరో స్థానంలో వచ్చింది. నలుగురినే తీసుకుంటారు. చివరి ఐదు గుళ్ళలో రెండు బయటికి పోయాయి. ట్రిగ్గర్ మాట ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని నేను ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. ఈ బుద్ధి ఇప్పట్లో పోయేలా లేదు.

బహుమతులిచ్చారు. కుర్చీలు మడిచారు. మేష్టారు ఒక్కొక్క బల్ల దగ్గరికీ కుంటుకుంటూ వెళ్ళి, కింద తూటా ఏదైనా మిగిలిందేమో వంగి చూస్తున్నాడు. నా వైపు చూడలేదు. స్ప్రింగు వర్క్‌షాప్ తలుపు వేసి నా ముందు నుంచే వెళ్ళాడు. ఒక్క క్షణం ఆగాడు, వెళ్ళాడు.

"చీకటి పడుతోంది. వెళ్దామా మావయ్యా?" అంది కోడలు, పెట్టె భుజాన వేసుకుని.

"నువ్వెళ్ళమ్మా" అన్నాను. "ఆయన మాట్లాడతానన్నాడు."

ఇంకా పన్నెండు బల్లలున్నాయి. ఆయన నిదానంగా చూస్తున్నాడు. కోడలు వెళ్ళలేదు. పెట్టె దించి నా పక్కన నిలబడింది.